తొంభై నిమిషాలు

మా క్యాథ్ ల్యాబ్ గోడకి ఒక గడియారం ఉంది,
రోగి గడప దాటగానే నొక్కేది.
తొంభై నిమిషాల్లోపు
మూసుకుపోయిన నాళంలో బెలూన్ విచ్చుకోవాలి.
అదే మా పందెం, మా పరువు.
అరవై మూడుకి దింపిన రోజున
డాక్టర్ ఇరిగోయెన్ అందరికీ వేడి వేడి ఎంపనాదాలు తెప్పించాడు.

ఏప్రిల్లో ఆ గడియారం ఊరికే వేలాడింది.

వల్పరాయిసో అంటే కొండలూ మెట్లూ,
గుండెకి సెలవివ్వని ఊరు.
మామూలు వారంలో తొమ్మిదిమంది వచ్చేవాళ్ళు మాకు,
చెమటలు కక్కుతూ, ఎడమ చెయ్యి ఒడిసిపట్టుకుని.
ఆ వారం ఒక్కరు.
ఆపై వారం అదీ లేదు.
"ఊళ్ళో గుండెలన్నీ ఒక్కసారే నయమైపోయాయా ఏంటి"
అన్నాడు స్ట్రెచర్ తోసే వ్లాదిమిర్.
ఎవరూ నవ్వలేదు.

కింది అంతస్తులో ఊపిరికి వరస కట్టారు.
మా గదిలోంచి ఆరు మంచాలు కిందికి వెళ్ళాయి,
వాటి వెనక మానిటర్లు,
వాటి వెనక నెల్దా.
మంచాలు తిరిగొచ్చాయి.

ఆపరేషన్ల జాబితా పెన్సిల్‌తో రాయమన్నారు.
వాయిదా పడ్డవాళ్ళకి ఫోన్ చెయ్యడం నా వంతు.
"ఎలా ఉన్నారు, సెన్యోరా ఎదువీహెస్?"
"బాగానే ఉన్నానమ్మా, కూర్చుని ఉంటే."
మరుసటి వారం:
"బాగానే ఉన్నా, మూడు దిండ్లు పెట్టుకుంటే."
మూడో వారం ఫోన్ మనవడు ఎత్తాడు.
పేరు చెరిపేశాను.
కాగితం మీద గాడి మిగిలింది.

మేలో ఒక మంగళవారం
సముద్రపు మంచు కొండలెక్కుతున్న వేళ
దోన్ బెలార్మినోని తెచ్చారు.
కొండ మీదికి పెట్టెబండ్లని లాగే ఇనపతాళ్ళకి
ముప్పై ఒక్క ఏళ్ళు గ్రీజు పూసిన చేతులు.
నొప్పి శనివారం పొద్దున మొదలైంది.
పన్ను అనుకున్నాడు.
గ్యాస్ అనుకున్నాడు.
ఏమిటో తెలిశాక,
బోల్డో ఆకుల కషాయం తాగి గోడవైపు తిరిగి పడుకున్నాడు.
"అక్కడికెళ్తే ఆ జబ్బు అంటిస్తారు.
సంచిలో చుట్టి పంపిస్తారు,
నీకు నా మొహమైనా చూపించరు" అన్నాడట.
ఇదంతా ఓర్మిల్దా గుమ్మంలో నిలబడే చెప్పింది.
ఆమెని లోపలికి రానివ్వలేదు మేం.
ఆయన కళ్ళజోడు నా చేతిలో పెట్టింది,
మెలకువొస్తే ముందు అదే అడుగుతాడని.

గడియారం నొక్కాను. అలవాటు.
మాస్కు మీద మాస్కు, మొహం ముందు అద్దం, అద్దం నిండా ఆవిరి.
ముక్కులో పుల్ల పెట్టి
ఫలితం వచ్చేదాకా ఆగమని కొత్త నియమం.
డాక్టర్ ఆగలేదు.
మణికట్టులోంచి తీగ పాకింది.
తెర మీద ఒక నల్లటి కొమ్మ,
సగంలో ఎవరో విరిచేసినట్టు.
బెలూన్ విచ్చుకుంది. కొమ్మ చివరిదాకా నిండింది.
డెబ్బై ఒకటి.
మంచి అంకె. రిజిస్టర్లో ఎక్కించాను.

కానీ గుండె గోడ అప్పటికే నానిన అట్ట.
రాత్రి రెండున్నరకి చిరిగింది.
పాఠ్యపుస్తకంలో చదివి,
ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో చూడనిది
ఆ నెలలోనే మూడోసారి చూశాను.

గడపకి ఇవతల డెబ్బై ఒక్క నిమిషాలు,
మేం అయిదుగురం కలిసి లెక్కపెట్టినవి.
అవతల నాలుగు పగళ్ళు, మూడు రాత్రులు,
ఓర్మిల్దా ఒక్కతే లెక్కపెట్టింది.
వాటికి మా రిజిస్టర్లో గడి లేదు.

మర్నాడు ఆయన పరీక్ష ఫలితం వచ్చింది: నెగటివ్.
సాయంత్రం టీవీలో చదివిన సంఖ్యలో
ఆయన లేడు.

కానీ అది తర్వాత.
ఆ తెల్లవారుజామున, నియమం ఏం చెప్పినా,
నేనూ వ్లాదిమిర్ మంచాన్ని
గాజు తలుపు దాకా తోశాం.
ఆయనకి కళ్ళజోడు పెట్టాను.
అద్దానికి అవతల ఆమె చాలాసేపు చూసింది.
తర్వాత చూపుడువేలు ఎత్తి సైగ చేసింది,
ఎడమవైపు కాస్త వంగింది, చూడు, అని.

సరిచేశాను.