కట్‌పీసు సద్ది

నాలుగు కొట్టంగ లేచి
సప్పుడు కాకుండ ఫ్రిజ్ తలుపు తీసిన.
వెండికాయితంల సగం కోడి
రాత్రి బండి దిగి ప్లాట్‌ఫారం మీద పండుకున్న మనిషి తీర్గ
ఒక పక్కకు ఒరిగి ఉన్నది.

నిన్న కీమ్యాన్ ఓదెలు సాబ్ రిటైర్మెంట్ దావత్.
నిలువునా కాల్చిన కోళ్లు మూడు.
పెద్దోళ్లు తినంగ, పోరగాండ్లు పీకంగ మిగిలినదాన్ని
"తెల్లారి డ్యూటీ గదా వినోదా" అని
ఓదెలు పెండ్లాం మా ఆమె సంచిల పెట్టింది.

నేను టైలర్ని.
కాజీపేట చౌరస్తాల ఇరవై రెండేండ్లు కత్తెర పట్టిన.
షోరూములు లేచినంక
ప్యాంట్లు కురచ చేసుడు, జిప్పులు మార్చుడు, గింతే.
వినోదకు పట్టాల మీద నౌకరీ వచ్చిన దినం నుంచి
సద్ది కట్టుడు నా పని.

మిగిలిన బట్ట పారేసుడు నాకు రాదు.
జానెడు ముక్కైనా
దిండు గలీబుకో చంటిపిల్ల టోపీకో
యాడనో ఒక్కకాడ కూసుంటది.
కోడి గూడ గంతే.
రొమ్ము కండకు నిలువు పోగుంటది,
ఆ పోగు వెంబడి వేళ్లు పోతే చాలు
కత్తి అక్కర లేదు.

ముక్కలు ముక్కలుగ పెడ్తె ఏమైతదో నాకెరుకే.
గ్యాంగుల పదకొండు మంది.
తుమ్మచెట్టు నీడకు గిన్నెలన్ని నడుమ పెడ్తరు.
"తీస్కో అన్నా" అని కాలు ఒకరికి,
"నువ్వు తిను పిల్లా" అని రెక్క ఇంకొకరికి.
ఆఖరికి పచ్చిపులుసు అన్నం తిని లేస్తది.
అడిగితె కడుపు నిండిందంటది.
గందుకే పీచు పీచు చేసిన.
పీచును ఎవ్వలకని పంచుతది?

కాయితం అడుగున పేరిన కొవ్వును పెనం మీద కరగదీసి
ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర,
దించినంక నిమ్మకాయ సగం.
రెండు జొన్నరొట్టెల మీద పరిచి
కొలత టేపు సుట్టినట్టు సుట్టి
నలభై నంబర్ తెల్లదారం రెండు సుట్లేసి ముడేసిన.
బొక్కలు దాకల ఉడుకుతున్నయి,
చారు నాకు.

ఇయ్యాల హసన్‌పర్తి దాకా నడుసుడున్నదట.
ఎండకు కంకర కాలుతది, కోడికూర ఊకె ఉండదు.
కింది గిన్నెకు సల్లనీళ్ల సీసా ఆనిచ్చి
ఎవ్వరో కుట్టిచ్చుకొని తీస్కపోని జాకెట్ బట్ట
తడిపి సుట్టిన.

నారింజ రంగు కోటు ఏసుకుంట
క్యారేజి ఎత్తి చూసింది.
"గింత బరువేంది?"
"అన్నమే."
సుత్తె మోసే చెయ్యికి గిన్నె అబద్ధం తెల్వదా.
నవ్వలే గని
సందు మలుపు దాకా క్యారేజిని ఊపుకుంటనే పోయింది.

గప్పుడు యాదికొచ్చింది.
ఉప్పు ఏసిన్నా?
కోడికి నిన్ననే పట్టిచ్చిన్రు, సరే.
ఉల్లిగడ్డల సంగతేంది?
చిటికెడు తీసింది యాదికున్నది,
ఇడిసింది యాదికి లేదు.
ఫోన్ చేద్దామంటె
పట్టాల మీద ఉన్నప్పుడు ఎత్తది, ఎత్తొద్దు గూడ.
మిషిన్ తొక్కుకుంట
ఒక ప్యాంటు కాలు రెండుసార్లు కురచ చేసిన.

ఒంటిగంటన్నరకు ఆమెనే చేసింది.
ఎనుక గాలి, ఎవ్వరో దగ్గుడు.
"ఓదెలు సాబ్ వచ్చిండు.
పొద్దుగాల లేచి కోటేసుకొని వచ్చిండట,
సగం తొవ్వల యాదికొచ్చిందట రిటైరైన సంగతి.
ఎనుకకు పోబుద్ధి కాక మా ఎంబడే నడిసిండు.
చేతిల క్యారేజి లేదు."

నేనేం అనలే.

"ఒక రొట్టె ఆయనకిచ్చిన.
దారం ఇప్పి మంచిగ మడిచి జేబుల పెట్టుకున్నడు."

"ఇంకోటి?"

"నేనే తిన్న. ఒట్టు."

జరసేపు ఆగి, నవ్వు ఆపుకుంట:
"ఉప్పు తక్కువైందన్నడు ముసలాయన."