రేకు తీసే చెయ్యి

బోర్లించిన కుండకి సెగ చాలిందో లేదో
అరచెయ్యి దగ్గర పెడితే తెలిసిపోద్ది నాకు.
ఎండు కొబ్బరాకు ఒకటి ఎక్కువైతే రేకు మాడుద్ది,
తక్కువైతే కుండనే కరుచుకుంటది.

రాజమండ్రి పెద్దాసుపత్రిలో అరుంధతి డాక్టరు
రెండోసారి నెత్తురడిగింది.
"మీది మామూలు నెత్తురు కాదు వీరవేణి గారూ."
పదమూడేళ్ల కిందట ఇదే మాట ఇంకొకాయన అన్నాడు,
కుర్చీ వెనక్కి జరుపుకుని.
ఈవిడ ముందుకి జరిపింది.

ఆ పురుగు ఒంటినిండా చక్కెర కప్పుకుంటదంట.
నవ్వొచ్చింది. మా ఆత్రేయపురం సరుకే!
మన ఒంట్లో చక్కెరే కాబట్టి
కాపలావాళ్లు మనోడే అనుకుంటారంట.
పోల్చుకున్నా, తెల్లారేసరికి వేషం మార్చుద్ది.
నిన్నటి వేషానికి చాచిన చెయ్యి
ఇవాళ గాలిని పట్టుకుంటది.

ఎన్ని వేషాలేసినా
కణం గుమ్మానికి తగులుకునే కొక్కెం మార్చలేదు.
మారిస్తే దానికే బతుకు లేదు.
చక్కెర పొరల సందులో దాచుకుంటది.

మందులు మొదలెట్టకముందు ఆరేళ్లు
తెలీకుండా మోశాను.
ఆ ఆరేళ్లూ లోపలెవరో రేకు తీశారు, చిరిగింది,
తీశారు, చిరిగింది.
చివరికి ఆ కొక్కేన్నే పట్టే చెయ్యి తయారైందంట.
ఎక్కడెక్కడి పురుగుల్నో పట్టుద్దంట.

"మరి నాది పోలేదేం?"
కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"మీలో ఉన్నది ఆ చెయ్యిని చూస్తూనే పెరిగిందమ్మా.
ఇది నేర్చుకునేలోపు అది తప్పుకుంది."
రాత్రి తొమ్మిదింటి మాత్ర ఎప్పట్లాగే.

జబ్బు రాకుండానే ఆ చెయ్యిని తయారుచెయ్యాలి,
అదీ వాళ్లు వెతికే టీకా.
లక్షల కణాల్లో ఏ ఒక్కదానికో ఉంటుంది ఆ వాటం,
ముందు దాన్ని లేపాలి.
తర్వాత ఒకటొకటిగా, వరసలో చూపించాలి.
"ఆ వరసే పూర్తిగా తెలీదింకా."

వరసా?
మా పల్లాలుకి మొదటిరోజే పల్చటి జావ ఇచ్చానా?
చిక్కటి జావ, సన్న సెగ.
గుడ్డ లాగడం కుదిరాకే నీళ్లు కలిపాను.
తొమ్మిదిమంది పిల్లలొస్తే
మణికట్టు తిరిగే తీరు చూసి
దాన్నొక్కదాన్నే ఉండమన్నాను.
డాక్టరమ్మ రాసుకుంది, ఎందుకో మరి.

మూడు గొట్టాలు నింపి దూది పెట్టారు.
సంచిలోంచి డబ్బా తీసిచ్చాను,
ఇంటికి పట్టుకెళ్తుందనుకున్నా.
అక్కడే విప్పి కొరికింది.
నా పేరున్న కాయితం మీద
తెల్లటి పొట్టు రాలింది.

రావులపాలెం బస్సులో ఉండగా పల్లాలు ఫోను.
నలభై తీస్తే పదకొండు చిరిగాయంట.
నిన్న పందొమ్మిది.