తోసి తెరవాలి

కడగొద్దని చెప్పేలోపే
మా తమ్ముడు ఎస్కో తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.
అక్క కారు నిండా రోడ్డు ఉప్పు మరకలట.
పదకొండు నెలలుగా మాటల్లేవు మా మధ్య,
స్నోమొబైల్ అప్పు దగ్గర తెగింది.
వచ్చీ రాగానే వాడు చేసిన మంచిపని ఇది:
బంకులో నీళ్ళు కొట్టించి, తళతళలాడించి
గుమ్మం ముందు నిలబెట్టాడు.

ఆ సాయంత్రం సున్నాకి ఒక గీత పైన.
తెల్లారేసరికి మైనస్ ఇరవై నాలుగు.
తెల్లారేసరికి అంటాను గానీ
డిసెంబరులో మా ఇవాలోకి తెల్లారదు.
మంచు నీలంగా మారుతుంది, అంతే.

ఆరు కావస్తోంది. ఏడింటికి రౌనో తాతకి ఇన్సులిన్.
హ్యాండిల్ పట్టుకున్నాను. కదల్లేదు.
రెండో తలుపు. మూడోది.
రబ్బరు పట్టీల సందుల్లో దాక్కున్న నీళ్ళు
రాత్రికి రాత్రే కారుని కుట్టేశాయి.
ఇంజను మాత్రం వెచ్చగానే ఉంది పాపం,
రాత్రంతా కరెంటు తీగ తగిలించే ఉంచాను.
లోపల ఎంత వెచ్చగా ఉంటే ఏం,
తలుపు రాకపోయాక.

పక్కింటి సైమీ కెటిల్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.
వద్దమ్మా వద్దు, వేడినీళ్ళు
క్షణం కరిగించి
మరు క్షణం రెట్టింపు బిగిస్తాయి,
అద్దం పగిలినా పగులుతుంది.
కిందటేడు కోపంతో లాగితే
హ్యాండిల్ ఊడి చేతికొచ్చింది,
నెలన్నర ప్రయాణికుడి సీటు మీంచి పాక్కుంటూ వెళ్ళాను డ్యూటీకి.

డిక్కీ ఒక్కటే దయ తలచింది.
మందుల పెట్టె ముందు తోసి,
కుక్క దుప్పటి మీంచి, సీట్ల వీపుల మీంచి
నలభై ఆరేళ్ళ నర్సుని, మోకాళ్ళ మీద.
కిటికీలోంచి ఎస్కో చూస్తున్నాడు.
నవ్వలేదు. అది నయం.

రౌనో తాత నలభై ఏళ్ళు పోస్టు బస్సు తోలాడు.
చొక్కా ఎత్తి పొట్ట చూపిస్తూ
నా చేతులు వణకడం చూశాడు, కథంతా రాబట్టాడు.
"లాగావా?"
"లాగాను."
"అందరూ లాగుతారు.
ముందు తొయ్యాలి, పిల్లా.
తలుపుకి భుజం ఆనించి, ఒంటి బరువంతా వేసి, లోపలికి.
లాగితే చిరిగేది రబ్బరు.
తోస్తే విరిగేది మంచు."
సూది దిగినా కన్నార్పలేదు.
"కడిగినవాడు తుడవలేదు. అదీ తప్పు.
పొడిగుడ్డతో పట్టీ మడతల్లోకీ వేలు పెట్టి తుడవాలి,
అప్పుడు పూయాలి."
సొరుగులోంచి తీసిచ్చాడు,
బూటు పాలిష్ సీసాలాంటిది, స్పాంజి మూతిది.
సిలికాన్. సగం ఉంది.
బస్సు మానేసి పంతొమ్మిదేళ్ళయింది,
ఆ సొరుగులో ఎందుకుందో నేనడగలేదు.

ఇంటికొచ్చేసరికి
ఎస్కో వాకిట్లో ఉన్నాడు,
నెత్తిన లైటు కట్టుకుని, చేతిలో పాత తువ్వాలుతో.
ఎవరు చెప్పారో వాడికి. సైమీయే అయ్యుంటుంది.
నేను ముందు తలుపులు, వాడు వెనకవి.
తుడిచిన చోటల్లా రబ్బరు నల్లగా, తడిలేకుండా,
వాన వెలిసిన తారురోడ్డులా.
స్పాంజి ఒకటే. ఇచ్చిపుచ్చుకోవాలి.
ఇలా తే, ఇంద, అక్కడ వదిలేశావు,
పదకొండు నెలల తర్వాత మా మాటలు అవే.
అప్పు ఊసు ఇద్దరం ఎత్తలేదు.
తాళం రంధ్రంలోకి కూడా రెండు చుక్కలు వేశాడు,
అది నాకు తట్టనేలేదు.

మర్నాడు మైనస్ ఇరవై తొమ్మిది.
తాత చెప్పినట్టే భుజం ఆనించి
ఊపిరి బిగబట్టి తోశాను.
తర్వాత హ్యాండిల్ లాగాను.
ఉడికిన గుడ్డు పెంకు వదిలినట్టు
చిన్న చప్పుడు,
తలుపు ఎంత తేలిగ్గా వచ్చేసిందంటే
వెనక్కి మంచులో కూలబడ్డాను.

కిటికీలో ఎస్కో.
ఈసారి నవ్వాడు వెధవ.