గుంటూరు రెండు

ఇప్పుడా పేరు మీద ఓటు లేదు.
ఉన్నన్నాళ్లూ అది ఊరు కాదు, లెక్క.
ఎవరో బల్ల మీద పటం పరిచి
వేళ్లు మడుస్తూ అన్నట్టు: ఒకటి, రెండు.

మా సందులో గీత మురుక్కాలవ వెంట నడిచేది.
ఎదురింటి ధనకోటేశ్వరి రెండు, మేం ఒకటి.
ఏ జెండా గెలిచినా
కాలవ దాటి కరివేపాకు వస్తూనే ఉండేది.

నా ఓటు ఒకటిలో, డ్యూటీ రెండులో.
ఓటు పోస్టులో పోయేది. చేరిందో లేదో
ఇన్నేళ్లకీ నాకు తెలియదు.

ఐదు ఎన్నికలు సిరా పెట్టాను.
మున్సిపల్ బడి, మూడో తరగతి గది,
గోడకి సగం చెరిగిన పదమూడో ఎక్కం,
అగ్గిపుల్ల, సిరా బుడ్డి,
జాబితాలో చచ్చిపోయి
నా ముందు నిలబడి చెమట తుడుచుకునే మనుషులు.

బయట గోడల నిండా మీరావలి రాతలు.
ఇస్త్రీపెట్టె, రైలింజను, కుట్టుమిషను.
రెండు అంకె తోకని నెమలి మెడలా తిప్పేవాడు.
అక్షరానికి ముప్పావలా.
అంకెలు పోయి దిక్కులొచ్చినప్పుడు
ఊరంతటిలో సంతోషించింది అతనొక్కడే:
"పశ్చిమం అంటే అక్షరాలెక్కువ, మేడమ్!"

నాకు మాత్రం తిరపతమ్మ గుర్తుంది.
మిర్చి కొట్టాల నుంచి సరాసరి వచ్చేది,
ఆమె వెనక గదంతా తుమ్ములు.
ఏజెంట్లు కూడా పార్టీలు మరిచి
ఒకే ముక్కుతో తుమ్మేవాళ్లు.
ఎడమ చూపుడు వేలు చాపింది.
సిరా పెట్టడానికి గోరు లేదు.
"ఏదమ్మా గోరు?"
"తొడిమల్లో పోయింది. చర్మం మీద రాయి."
రాశాను. కారం పుండు మీద సిరా.
"మంటా?" అన్నాను.
నవ్వింది.

కొత్త పటం వచ్చిన ఏడు కూడా
అదే బడికి, అదే గదికి వచ్చింది.
జాబితా మూడుసార్లు తిరగేశాను.
పేరు లేదు.
నీది ఇక్కడ కాదు, తూర్పు అన్నాను.

"తూర్పంటే ఎటమ్మా?"

నేను చెయ్యి ఎత్తబోయి ఆగాను.
వెనక వరుస తోస్తోంది.
ఆమె వాకిట్లోకి వెళ్లి
తలెత్తి చూసింది.

పన్నెండు దాటలేదింకా.
ఎండ సరిగ్గా నడినెత్తిన ఉంది.