పదేసి చొప్పున

రాత్రి పన్నెండు దాటాక
హార్బర్ రోడ్డు షిప్పింగ్ ఆఫీసులో మెలకువగా ఉండేవి
మోడెముల అరమీది ఎర్రదీపాలు, నేను.

ముందు కీచుమంటుంది లైను,
ఉప్పుగాలికి ఉబ్బిన తలుపులా.
తర్వాత గరగర.
తర్వాత ఏమీ వినపడదు. బేరమంతా అప్పుడే.

మింది గోదాము నుంచి కొర్లయ్య, ట్యాలీ గుమస్తా.
పేరు చెప్పాడు, పాస్‌వర్డ్ చెప్పాడు,
అతని కంప్యూటరు మాత్రం
తన నంబరు సున్నా అంటుంది.
సున్నా చుక్క సున్నా చుక్క సున్నా చుక్క సున్నా.

"కాదు" అంటుంది సర్వరు.
ఆ కాదులోనే పెట్టి ఇస్తుంది
ఈ రాత్రికి అతను ఎవరో.
తిడుతూనే కంచంలో వడ్డించే మనిషిని
మా పెద్దత్తను తప్ప ఎవర్నీ చూడలేదు నేను.

సర్వరుకీ సొంతం కాదది.
మేడమీది పెట్టె దగ్గర
పదేసి చొప్పున అప్పు తెచ్చుకుంటుంది
పూర్ణా మార్కెట్లో పొద్దున్నే చిల్లర తెచ్చుకునే కొట్టువాడిలా.
ఒకటి తను ఉంచుకుని తొమ్మిది పంచుతుంది.
పదోవాడు మోగించాడా,
మళ్ళీ మేడెక్కి ఇంకో పది.

లైను పెట్టేస్తే నంబరు వెనక్కి.
అనకాపల్లి వాడు వాడిందే
అరగంటకి భీమిలి వాడికి.
వెచ్చదనమేమీ మిగలదు దాంట్లో.

తుఫాను రాత్రి మేడమీద పెట్టె ఆరిపోయింది.
సర్వరు అడిగింది. పలికేవాళ్ళు లేరు.

లైను కోసి కొర్లయ్య ఫోన్ చేశాడు:
"కలిసింది అంటాది గానీ
ఏ వాకిలీ తియ్యదేటమ్మా?"
"నంబరు చదవండి."
"నూట అరవై తొమ్మిది, రెండొందల యాభై నాలుగు..."

ఆగమన్నాను.
ఇవ్వడానికేమీ లేనప్పుడు
ఉత్త చేతులతో పంపలేక
సర్వరు కల్పించి ఇచ్చే నంబరది.
దాంతో ఎక్కడికీ పోలేరు.

తెల్లారితే ఓడ బెర్తుకొస్తుంది.
"నోటితో చెప్పండి, రాసుకుంటాను."

చెప్పాడు. యూరియా, లాటు లాటుగా,
వానలో సగం మాట మింగేస్తున్న లైను మీద.
కొవ్వొత్తి చమురు కాగితమ్మీద పడింది.
ఏడో లాటు దగ్గర సరిగా వినపడక
పెన్ను ఆపి, సిగ్గుపడి,
"సున్నా అనుకోనా?" అన్నాను.

"కాదు" అన్నాడు కొర్లయ్య,
"నాలుగొందల పన్నెండు."

రాసుకున్నాను.