ఎడమ పాదం దగ్గరి లీవరు

మే నెల. ఫ్యోర్డు కెదురుగా
మంచు కొండ భుజాల దాకా వెనక్కి తగ్గింది.
నేలమాళిగలో విత్తనపు బంగాళాదుంపలు
తెల్లటి మొలకలతో గోనెను పొడుస్తున్నాయి.
మా పాత ఫెర్గూసన్ మాత్రం నాగలిని ఎత్తనంది.

గ్రోతాస్ అంటాం దాన్ని ఈ పడమటి నార్వేలో,
బూడిదరంగు పంజా అని.
నాకంటే నాలుగేళ్ళు పెద్దది.
హ్యాండిల్ తిప్పగానే దగ్గి లేచింది, అందులో లోటు లేదు.
వెనక రెండు ఇనుప చేతులే
అలిగిన పిల్లాడివిలా కిందికి వేలాడుతున్నాయి.
పీటీఓ షాఫ్టూ తిరగడం లేదు.
"రెండు జబ్బులు" అన్నాడు తమ్ముడు హాల్వార్,
"చలికాలం ఊరికే పోలేదు."

మొదటి రోజు నూనె దించాడు.
పాలు ఎక్కువైన కాఫీలా వచ్చింది.
నీళ్ళు చేరాయి, దొంగ దొరికాడనుకున్నాం.
బకెట్ల కొద్దీ కొత్త నూనె తాగి
చేతులు అక్కడే ఉన్నాయి.

రెండో రోజు పక్కమూత విప్పి
మోచేతి దాకా లోపలికి పెట్టి
ఆవు కడుపులో దూడ కాళ్ళు వెతికే మనిషిలా
కళ్ళు మూసుకుని తడిమాడు వాల్వు కోసం.
ఎడమ చేత్తో.
కుడిచేతికి ఇప్పుడు కప్పు కూడా నిలవదు.

అక్టోబరు సంగతి చెప్పాలి.
కట్టెలు కోసే రంపం. మూతలేని షాఫ్టు.
నేనల్లిన స్వెట్టరు, గట్టి ఉన్ని,
నేను గొప్పగా చెప్పుకున్న ఉన్ని.
మణికట్టు దగ్గర ఒక్క పోగు వదులైంది, అంతే.
నిమిషానికి ఐదువందల చుట్లు.
నేను పరిగెత్తి క్లచ్ తొక్కేసరికి
మెడపట్టీ ఒక్కటే మిగిలి నిలబడ్డాడు,
ఒట్టి వీపు మీద తొలిమంచు రాలుతుంటే.
నవ్వాడు కూడా.
షాఫ్టు చుట్టూ ఉన్ని పిట్టగూడంత బిగిసి ఉంది.
నాలుగు రోజులకు వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి.

ఆ రాత్రి టార్చి పట్టుకుని షెడ్డుకెళ్ళి
ఎడమ పాదం దగ్గరి లీవరు లాగేశాను.
ఇక తిరక్కు, అన్నాను దాంతో.
ఎవరికీ చెప్పలేదు.
పోను పోను నాకు నేనే చెప్పుకోలేదు.

మూడో రోజు. పైకప్పు విప్పి పంపు తియ్యాలన్నాడు.
దీపం పట్టుకున్నది నేనే.
మొదటి బోల్టు మీద పానా ఆగింది.
"ఈ పంపును తిప్పేదెవరు?"
నన్ను కాదు అడిగింది, తననే.
"ఆ షాఫ్టే కదా."
అది ఆగితే ఇదీ ఆగుతుంది. జబ్బు ఒక్కటే,
అసలది జబ్బే కాదు.
పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాడు పాపం,
కాకపోతే ఆ చంక నాది.

వంగి లీవరు వంక చూశాడు.
తర్వాత నా బూట్ల వంక.
దీపం కొంచెం వణికింది, అది ఇద్దరికీ తెలుసు.
అడగలేదు.
"షాఫ్టు మీద బిగించే టోపీ ఉండాలి, యూరున్, చూడు" అన్నాడు.

మేకుల డబ్బాలో దొరికింది, అడుగున,
ఎన్నేళ్ళ నుంచో.
మరలు తుప్పు. రెండుసార్లు అడ్డం పడి
మూడోసారి పట్టింది. అరచేయి మండేదాకా బిగించాను.
ఆ తర్వాతే వాడు సీటెక్కి
క్లచ్ తొక్కి, ఎడమ చేత్తో లీవరు తోశాడు.

ఇంజను గొంతు ఒక మెట్టు దిగింది.
టోపీ కింద అది తిరుగుతోంది,
నాకు కనిపించకుండా.
చేతులు లేచాయి: ఒక కుదుపు, ఒక ఆలోచన, ఇంకో కుదుపు.
నాగలి మొన నుంచి పోయిన ఏటి మట్టి
పెళ్ళగా ఊడిపడింది.

సాయంత్రానికి పన్నెండు సాళ్ళు.
ఇంజను ఆపాక నాగలి
గంటకు వేలెడు చొప్పున కిందికి జారుతోంది.
"ఎక్కడో సీలు కారుతోంది, ఉండనీ" అన్నాడు,
"పడుకునే ముందు కింద పెట్టేస్తే పోలా."

ఇప్పుడు వాడికి ఇంకో స్వెట్టరు అల్లుతున్నాను.
చేతులు మోచేతి దగ్గరే ఆపేశాను.
చలేస్తుందంటాడు.
అననీ.