ఞ కింద వెతకండి

కలెక్టరాఫీసు వెనక సైనిక సంక్షేమం గదిలో
ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు.
హవల్దార్ చెంగల్రాయుడు, రిటైరై మళ్లీ కుదిరిన మనిషి,
కళ్లద్దాలు నుదుటికెక్కించి అడిగినాడు:
"నంబరుందామ్మా?"
లేదు.
"రెజిమెంటు?"
తెలీదు.
"పేరైనా సరిగ్గా చెప్పు."

జమేదార్ జ్ఞానప్రకాశం.
పెనుమూరు పక్క మిట్టపల్లె.
చచ్చిపోయి డెబ్బై మూడేళ్లు.

ఆయన రాసుకోలేదు. కలం పట్టుకొని అట్లే ఉండిపోయినాడు.
"ఈ జ్ఞ ని తెల్లోడు ఏం చేసుంటాడో" అన్నాడు.

మనిషి అడవిలోనే కాదు,
అక్షరంలో కూడా తప్పిపోతాడని నాకప్పుడు తెలిసింది.
తెలుగు బడిలో ఆయన జ్ఞ.
అరవ పాదిరి బాప్తిస్మం పుస్తకంలో ఞ,
పలక మీద దిద్ది తుడిచేశాక
జన్మలో మళ్లీ ఎవరికీ పనిబడని అక్షరం.
పటాలం గుమాస్తా చెవికి గ అనిపించిన రోజు జి కింద,
న అనిపించిన రోజు ఎన్ కింద,
వాన చప్పుడులో ఏమీ వినిపించని రోజు జె కింద.
జీతం ఒకడికి, మెడలు ఇంకొకడికి,
మలేరియా మూడోవాడికి.

సబ్ రిజిస్ట్రారాఫీసులో ఇరవై రెండేళ్లు నకళ్లు రాసినదాన్ని.
ఎవరి చేనుకైనా హద్దులు కళ్లు మూసుకొని చెబుతాను,
తూర్పున వంక, పడమర మునెయ్య చింతతోపు.
మా తాతకు హద్దుల్లేవు.
అవ్వ పెట్టెలో ఒక ఇత్తడి గుండీ,
చెదలు సగం తిన్న ఫోటో,
ఇంకా ఒక కథ.

కథేమంటే, బర్మాలో, వరదలో ఏరు దాటుతుంటే
జపానోడి తూటా ఎడమ ముంజేతిలో దూరి అవతలికి పోయింది.
తలగుడ్డ చింపి కట్టుకొని
పదకొండు మందిని గట్టెక్కించినాడు జమేదారు.
చిన్నప్పుడు మా అమ్మ
ఆ మచ్చ మీద వేలు పెట్టుకొని నిద్రపోయేదంట.
మా ఇంట్లో దెబ్బ తగిలితే ఏడవనివ్వరు.
పసుపు అద్ది, "ఎవరి మనవరాలివే నువ్వు?" అంటారు.

పద్నాలుగు ఉత్తరాలు.
దొరకలేదని తొమ్మిదింటికి జవాబు, తక్కినవాటికి అదీ లేదు.
చివరిదాని అడుగున చెంగల్రాయుడు తన చేత్తో ఒక ముక్క చేర్చినాడు:
ఎన్ పక్కన వై పెట్టి చూడండి,
మా వైపు అరవోళ్లు ఞ ని అట్ల రాస్తారు.

నిన్న వచ్చింది కవరు. రెండే కాగితాలు.

మొదటిది, పటాలంలో చేరిన రోజుది.
ముప్పై ఎనిమిది, ఆగస్టు. యుద్ధం ఇంకా పుట్టలేదు.
ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు.
(అవ్వ చెప్పిన తాత మా వాకిలికి వంగి వచ్చేవాడు.)
పని: కూలి, బెల్లం గానుగ.
గుర్తులు: ఎడమ ముంజేతి మీద మచ్చ. కాలినది. పాతది.

పాతది.

రెండోది నలభై నాలుగుది.
వరదలో ఏరు దాటించి అప్పగించిన కంచరగాడిదలు, పదకొండు.
నష్టం, లేదు.
కింద సంతకం తెలుగులో.
జ్ఞ దగ్గర సిరా ముద్దకట్టింది.

చెంగల్రాయుడు చూసి, చూడనట్టు, టీ చెప్పడానికి లేచిపోయినాడు.
నాకు కోపం రావాల. రాలేదు.
పొయ్యిలోకి చెరుకుపిప్పి ఎగదోసే పన్నెండేళ్ల పిల్లోడు కనిపించినాడు,
పెనంలో పొంగిన పాకం,
చెయ్యి. 
ఆ పూట గానుగ ఆగి ఉండదు.
కూలి కోసుకొనుంటారు గూడా.
ఎవరూ అడగని ఆ మంటకి
ఆయన ఎంత దూరం పోయి ఒక యుద్ధం తెచ్చినాడో.

బయట మండీలో బెల్లం దిమ్మెలు తూకానికెక్కుతున్నాయి.
ఈగలు. లారీ హారను.
కవరు కొంగు కింద పెట్టుకొని ఇల్లు చేరినాను.

అమ్మకి ఎనభై రెండు, చూపు లేదు.
కాగితాన్ని తడిమి, వాసన చూసి, అడిగింది:
"తూటా సంగతి రాసుందా?"

ఎడమ ముంజెయ్యి అని రాసుందిమా, అన్నాను.
వేలు పట్టుకొని ఆ వరస మీద పెట్టినాను.